కత్తి చూపి దోచుకున్న తర్వాత కాలనీ చేయవలసిన పనులు, చెడగొట్టే పనులు

కాలనీలో కత్తి చూపించి ఎవరి మెడలోనో గొలుసు లాక్కెళ్లారంటే ఆ రాత్రికే వాట్సాప్ గ్రూపు వేడెక్కిపోతుంది. మర్నాటికల్లా వీధి మొదట్లో గేటు పెడదామని ఒకరు, పక్క బస్తీ కుర్రాళ్లను లోపలికి రానివ్వొద్దని ఇంకొకరు, ఎవడైనా దొరికితే పోలీసులకు అప్పగించే ముందు నాలుగు తగిలించాల్సిందేనని మరొకరు. పదిరోజులు తిరిగేసరికి అందరూ చల్లబడతారు. ఈలోపు కెమెరా రికార్డు చెరిగిపోయి ఉంటుంది. సాక్షులు ఒకరి మాట ఒకరు విని అందరూ ఒకే కథ చెబుతుంటారు. నిందితుడి ఫొటో ప్రతి ఫోన్‌లోనూ తిరిగి, గుర్తింపు పరేడ్‌కు (నిందితుణ్ని మరికొందరి మధ్య నిలబెట్టి సాక్షుల చేత గుర్తుపట్టించడానికి) విలువ లేకుండా పోతుంది. అంటే దొంగ తరఫు లాయరు చేయాల్సిన పనిలో సగం కాలనీయే చేసిపెట్టిందన్నమాట.

ఇది హైదరాబాద్‌ను దృష్టిలో పెట్టుకుని రాసింది. చట్టాలు దేశమంతటికీ ఒకటే కాబట్టి విజయవాడలోనో వైజాగ్‌లోనో ఉన్నవాళ్లకూ చాలావరకు పనికొస్తుంది. 2025లో ఈ నగరం రెండు పెద్ద తుపాకీ ఘటనలు చూసింది. జనవరి 16న బీదర్‌లో ఏటీఎం డబ్బు తెచ్చిన సిబ్బందిపై కాల్పులు జరిపినవాళ్లు అదే రోజు అఫ్జల్‌గంజ్‌లో మళ్లీ కాల్చారు. ఆగస్టు 12న చందానగర్‌లో పట్టపగలే ఒక నగల దుకాణంలోకి చొరబడ్డారు. పేపర్లకెక్కేవి ఇలాంటివి. కాలనీలకు మామూలుగా ఎదురయ్యేది వేరు: బైకు మీద ఇద్దరు వస్తారు, వెనక కూర్చున్నవాడి చేతిలో కత్తి, పోయేది ఫోనో గొలుసో. తీరా దొరికాక చూస్తే ఇద్దరిలో ఒకడికి పద్దెనిమిది నిండి ఉండవు. ఇక్కడ చెప్పేది ఆ రెండో రకం గురించి.

మొదటి గంట

కత్తి ఎదురుగా ఉంటే వస్తువు ఇచ్చేయండి. గొలుసు పట్టుకుని పెనుగులాడితే మెడ తెగుతుంది, లేదా బైకుతోపాటు ఈడ్చుకుపోతారు. ఇచ్చేస్తూ చూడాల్సింది మొహం కాదు. హెల్మెట్టో మాస్కో ఉంటుంది కాబట్టి మొహం ఎలాగూ కనిపించదు. చెప్పులు, బూట్లు చూడండి. తప్పించుకున్నాక రెండు వీధుల అవతల చొక్కా మార్చేస్తారు కానీ చెప్పులు మార్చుకోవడం తక్కువ. కత్తి ఏ చేతిలో ఉంది, ఏ భాషలో బెదిరించాడు, బండి మోడల్ ఏది, టాంకు మీద స్టిక్కర్ ఉందా, నంబరులో చివరి రెండంకెలు ఏమిటి. ఇంత గుర్తుంటే చాలు.

100కు గానీ 112కు గానీ ఫోన్ చేసినప్పుడు చెప్పే వరస ముఖ్యం. ముందు చోటు, పక్కన ఏ గుడి, ఏ స్కూలు, ఏ మెట్రో పిల్లర్ నంబరు ఉందో. తర్వాత ఆయుధం ఉందా. తర్వాత ఎవరికైనా దెబ్బ తగిలిందా. చివరగా బండి, వెళ్లిన దిక్కు. చాలామంది కథ మొదటినుంచీ ఎత్తుకుంటారు. ఈలోగా ఫోన్ కట్టయితే అవతలివాళ్లకు అడ్రసు కూడా అందదు. చోటు తెలిస్తే చాలు, బ్లూ కోల్ట్స్ అనే పోలీసు గస్తీ బైకును పంపుతూనే మిగతా వివరాలు అడుగుతారు.

జరిగిన చోట కత్తి, తెగిన గొలుసు ముక్క, జారిన టోపీ, చెప్పు పడి ఉంటే ముట్టుకోవద్దు. వాటి మీద ప్లాస్టిక్ టబ్బో బకెట్టో బోర్లించి పక్కన ఒకరిని నిలబెట్టండి. పొద్దున్నే వాకిలి ఊడ్చి నీళ్లు చల్లే అలవాటు వల్ల పోయే ఆధారాలు కొన్ని కావు. గాయమైతే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ ‘కింద పడ్డాను’ అనకుండా కత్తి గాయమనే చెప్పి, మెడికో-లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన గాయంగా రాయించండి. రక్తం అంటిన చొక్కాను ఆరబెట్టి కాగితం సంచిలో ఉంచాలి. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మకు బూజు పడుతుంది.

చూసినవాళ్లందరూ ఒకచోట చేరి మాట్లాడుకోకముందే ఎవరికి వారు ఒక కాగితం మీద తాము చూసింది రాసి, టైమూ తేదీ వేసి సంతకం చేయాలి. ఈ ఒక్క పని చేసే కాలనీ ఉండదు. ‘ఎర్ర చొక్కా’ అని ఒకరు గట్టిగా అంటే చాలు, గంట గడిచేసరికి అందరికీ ఎర్ర చొక్కానే గుర్తుంటుంది.

ఫోన్ పోతే వెంటనే బ్యాంకుకు, సిమ్ కంపెనీకి చెప్పి ఆపించండి. కత్తి పెట్టి యూపీఐలో డబ్బు వేయించుకుని ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును అవతలి ఖాతాలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఫిర్యాదు కాపీ చేతికొచ్చాక కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) ఇచ్చి ఫోన్‌నే బ్లాక్ చేయించవచ్చు. ఓటీపీ రావాలి కాబట్టి ముందు డూప్లికేట్ సిమ్ తీసుకోండి. ఐఎంఈఐ ఫోన్ పెట్టె మీద, బిల్లు మీద ఉంటుంది. ఆ పెట్టెలు పారేసేవాళ్లు నంబరును ఈరోజే ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకుంటే మంచిది.

ఫిర్యాదులో ఉండాల్సిన మాటలు

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. దాని ప్రకారం పర్సు చప్పున లాక్కుని పారిపోవడం సెక్షన్ 304, అంటే స్నాచింగ్. గరిష్ఠ శిక్ష మూడేళ్లు. దెబ్బ కొట్టి గానీ, కొడతామని భయపెట్టి గానీ తీసుకుంటే సెక్షన్ 309, అంటే దోపిడీ, పదేళ్లదాకా పడుతుంది. దోపిడీలో ప్రాణాంతకమైన ఆయుధం వాడితే సెక్షన్ 311 కింద ఏడేళ్లకు తగ్గని శిక్ష. ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది కలిసి చేస్తే అది బందిపోటు, సెక్షన్ 310.

కాబట్టి ‘గొలుసు లాక్కెళ్లారు’ అని ఒక్క వాక్యం రాసిస్తే కత్తి సంగతి కాగితం మీద లేకుండా పోతుంది. కత్తి ఎంత పొడవుంది, ఎక్కడ ఆనించాడు, అన్న మాట ఏమిటి? ‘తీయకపోతే పొడుస్తా’ అన్నాడా? బూతు ఉన్నా సరే, అన్నది అన్నట్టు రాయండి. బంగారం బరువు గ్రాముల్లో రాయాలి. తులమంటే దుకాణంలో 10 గ్రాములు, పాత లెక్కలో 11.66, కాసంటే 8. కోర్టులో ఈ తేడా మీదే గంటసేపు అడ్డప్రశ్నలు నడుస్తాయి. బిల్లు లేకపోతే గొలుసు వేసుకుని దిగిన పెళ్లి ఫొటో ఒకటి జత చేయండి.

హద్దు మాది కాదని ఏ ఠాణా తిప్పి పంపకూడదు. జీరో ఎఫ్ఐఆర్ కట్టి సంబంధిత ఠాణాకు పంపాలి. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. ఆన్‌లైన్‌లో ఇచ్చిన ఫిర్యాదుపై మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. 60 ఏళ్లు దాటినవాళ్లను, మహిళలను సాక్ష్యం కోసం ఠాణాకు రమ్మని పట్టుబట్టకూడదు, వాళ్ల ఇంటికే వచ్చి అడగాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు తెలియజేయడమూ పోలీసుల బాధ్యతే.

కెమెరా ఉందని నిశ్చింతగా ఉండకండి

అసలు తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. కాలనీ కమిటీ చందాలు పోగేసి ఎనిమిది కెమెరాలు పెట్టి ఉంటుంది. కెమెరాల దృశ్యాలను రికార్డు చేసే పెట్టె, అంటే డీవీఆర్‌లో ఉన్నది 1 టీబీ డిస్కు. లెక్క చూద్దాం. 2 మెగాపిక్సెల్ కెమెరా హెచ్.265 అనే వీడియో కుదింపు పద్ధతిలో సెకనుకు 2 మెగాబిట్లు రాస్తుందనుకుంటే రోజుకు 21.6 జీబీ. ఎనిమిది కెమెరాలకు రోజుకు సుమారు 173 జీబీ. అంటే 1 టీబీ డిస్కు ఆరో రోజుకే నిండిపోయి పాతదాని మీద రాయడం మొదలుపెడుతుంది. పోలీసులు పదో రోజున వచ్చి అడిగితే ఇవ్వడానికి ఏమీ ఉండదు. 30 రోజులు నిలవాలంటే 5.2 టీబీ కావాలి, కాబట్టి 6 టీబీ డిస్కు, అదీ సీసీటీవీ కోసం తయారుచేసిందే కొనాలి. జనం ఎక్కువగా వచ్చిపోయే వ్యాపార సంస్థలకు 2013 నాటి ప్రజా భద్రత చట్టం 30 రోజుల రికార్డు ఉంచమంటుంది; కాలనీలూ అదే లెక్క పెట్టుకోవడం తెలివైన పని.

రెండోది ఎత్తు. ఎవరూ పగలగొట్టకుండా ఉండాలని 20 అడుగుల స్తంభం మీద బిగిస్తారు. దాంట్లో కనిపించేవి తలల పైభాగాలే. గేటు దగ్గర మొహం కోసం పెట్టే కెమెరా 8 నుంచి 10 అడుగుల ఎత్తులో, జనం నడిచివచ్చే వైపు తిరిగి ఉండాలి. 2.8 ఎంఎం లెన్స్ వీధంతా చూపిస్తుంది కానీ నంబరు ప్లేటు చదవనివ్వదు. ప్లేటు కోసం 6 ఎంఎం లేదా అంతకు పైబడిన లెన్స్‌తో విడిగా ఒక కెమెరాను, బండ్లు నెమ్మదించే స్పీడ్ బ్రేకర్‌కు గురిపెట్టాలి. రాత్రిపూట హెడ్‌లైటు వెలుగుకు ప్లేటు తెల్లగా కరిగిపోతుంది, అందుకని వెళ్లే బండి వెనకభాగం కనిపించేలా పెట్టడం మేలు. బిగించేవాడు పగలు ఫోన్‌లో చూపించి డబ్బు తీసుకుని వెళ్లిపోతాడు. మిగతా సగం డబ్బును రాత్రి పదకొండుకు హెల్మెట్ పెట్టుకున్న ఒకరిని బైకు మీద తిప్పి, ఆ రికార్డు చూశాకే ఇవ్వండి.

డీవీఆర్ గడియారం తప్పు ఉండటం మామూలే. తేడాను ఫోన్ టైముతో పోల్చి ఒక పుస్తకంలో రాయండి, ‘డీవీఆర్ 7 నిమిషాలు ముందుంది’ అన్నట్టుగా. కరెంటు పోతే ఆగిపోకుండా చిన్న యూపీఎస్ పెట్టండి. మెయిన్ స్విచ్ వాచ్‌మన్ గది బయట ఉంటే దానికి తాళం వేయండి. ప్రతి ఆదివారం ఒకరు లెన్సుల మీది సాలెగూడు తుడిచి, ఏదో ఒక రోజు రికార్డు తెరిచి చూడాలి. కెమెరా ఎవరి బాల్కనీ, ఎవరి కిటికీ వైపూ తిరిగి ఉండకూడదు. డీవీఆర్ పాస్‌వర్డ్ కొన్నప్పుడు వచ్చినదే వాడుతున్నారంటే మీ వీధిని ఊరంతా చూస్తున్నట్టే.

ఘటన జరిగిన గంటలోనే ఆ వ్యవధికి అరగంట ముందు, అరగంట తర్వాత కలిపి రికార్డును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయండి. మానిటర్‌ను ఫోన్‌తో వీడియో తీసి పంపడం గ్రూపులో చూసుకోవడానికి సరిపోతుందేమో గానీ కోర్టులో నిలబడదు. రెండు కాపీలు చేయండి. ఎవరు తీశారు, ఏ టైముకు, డీవీఆర్ సీరియల్ నంబరు ఎంత, అన్నీ రాసుకోండి. పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం పరికరం నడిపేవాళ్లు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైలును మార్చలేదని చూపే హ్యాష్ విలువ అనే అంకెలు-అక్షరాల గుర్తు కూడా వేయాలి. ఆ సంతకం ఎవరు చేస్తారో ముందే తేల్చుకోండి. లేదంటే ‘మాకెందుకు కోర్టు గొడవ’ అని కమిటీలో ప్రతి ఒక్కరూ తప్పుకుంటారు. పోలీసులు డీవీఆర్‌నే తీసుకెళితే పంచనామాలో డిస్కు వివరాలు రాయించుకుని కాపీ అడగండి. ఆ రోజే వేరే డిస్కు వేయించుకోవాలి. దోపిడీ జరిగిన వారంలో కెమెరాలు ఆగి ఉన్న కాలనీలు చాలానే ఉంటాయి.

దొరికినవాడిని పట్టుకుంటే

కళ్లెదుట దోపిడీ చేసినవాడిని పట్టుకునే హక్కు మామూలు మనిషికీ ఉంది. నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 40 ఆ మాటే చెబుతూ, ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలని గడువు పెట్టింది. ఆత్మరక్షణ హక్కూ ఉంది, దాడి సాగుతున్నంతసేపూ. కత్తి కింద పడి, చేతులు వెనక్కి విరిచిపట్టాక తగిలే ప్రతి దెబ్బా కొత్త నేరమే. ఐదుగురు కలిసి కొడితే అది చట్టవిరుద్ధ సమూహం. ఒక్కడు కొట్టిన దెబ్బకు ప్రాణం పోయినా పక్కన అదే ఉద్దేశంతో నిలబడినవాళ్లంతా బాధ్యులవుతారు. వీడియో తీసినవాడి ఫోనే సాక్ష్యమవుతుంది. ఇది మరీ జరగని సంగతేమీ కాదు.

2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని తెలుగు రాష్ట్రాల్లో వాట్సాప్ పుకార్లు చెలరేగాయి. చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని గుంపు కొట్టి చంపింది. ఆ ఏడాది జులైలో సుప్రీంకోర్టు మూకదాడులపై మార్గదర్శకాలిచ్చింది, వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజీని ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయనివ్వడం మానేసింది.

పట్టుకున్నప్పుడు చేయాల్సింది ఇదీ. నేల మీద కూర్చోబెట్టండి. స్తంభానికి కట్టొద్దు, గుండు కొట్టొద్దు, చొక్కా విప్పించొద్దు. జేబులు మీరు వెతకొద్దు. మీ చేతులు పడితే రేపు ఆ ఫోన్ మీరే పెట్టారంటారు. ఇద్దరు పెద్దవాళ్లు దగ్గరుండి మిగతా జనాన్ని పదడుగుల దూరంలో ఉంచండి. మంచినీళ్లివ్వండి. పోలీసు బండి వచ్చిన టైము, అధికారి పేరు రాసుకోండి. సొమ్ము తిరిగిచ్చేసి ఇంకో పదివేలు ఇస్తాం, వదిలేయమని వాళ్ల తాలూకు ఎవరైనా బేరానికి వస్తే ఒప్పుకోవద్దు. దోపిడీ రాజీ కుదుర్చుకునే నేరం కాదు. డబ్బు తీసుకుని నేరస్థుణ్ని కాపాడితే న్యాయ సంహిత సెక్షన్ 250 కింద ఆ కమిటీయే ఇరుక్కుంటుంది.

పద్దెనిమిది నిండనివాడైతే

‘చూడ్డానికి ఇరవై ఏళ్లుంటాయి’ అన్న మాట చెల్లదు. వయసు తేల్చేది స్కూలు సర్టిఫికెట్ లేదా పదో తరగతి మెమో, అవి లేకపోతే మునిసిపల్ జనన ధ్రువపత్రం, అదీ లేకపోతే ఎముకల పరీక్ష. అనుమానమున్నంతసేపు మైనర్ అనే అనుకుని నడుచుకోండి. 112తోపాటు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా చెప్పండి. ప్రతి ఠాణాలోనూ బాలల సంక్షేమ పోలీసు అధికారి అని ఒకరుంటారు, పిల్లవాణ్ని వారికే అప్పగించమని అడగండి. 2015 బాల న్యాయ చట్టం ప్రకారం లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోగా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుంచాలి. తల్లిదండ్రులకు కబురు వెళ్లాలి.

ఫొటో, పేరు, స్కూలు, ఇంటి అడ్రసు బయటపెట్టడం అదే చట్టం సెక్షన్ 74 కింద నేరం: ఆరు నెలల జైలు లేదా 2 లక్షల జరిమానా, రెండూ కూడా. గ్రూపులో ఫార్వర్డ్ చేసినా ప్రచురించినట్టేనని ఎవరైనా కేసు పెట్టొచ్చు. ఫలానావారి అబ్బాయి అని మాత్రం రాసి పేరు రాయకపోయినా గుర్తుపట్టేలా ఉంటే అదే సంగతి.

వారం తిరక్కుండానే ఆ కుర్రాడు మళ్లీ వీధిలో కనిపిస్తే జనం మండిపడతారు, ‘పోలీసులు తిన్నారు’ అంటారు. అలా కాదు. ఈ చట్టంలో బెయిలే పద్ధతి. మళ్లీ నేరస్థుల చేతికి చిక్కుతాడనో, అతనికే ప్రమాదమనో, న్యాయానికి అడ్డమనో బోర్డుకు అనిపిస్తేనే ఆపుతారు. విడుదలైతే వదిలేసినట్టు కాదు. బోర్డు మందలింపు, కౌన్సెలింగ్, సమాజ సేవ మొదలుకొని ప్రత్యేక గృహంలో మూడేళ్లదాకా ఉంచే ఉత్తర్వు ఇవ్వగలదు. పదహారు దాటి ఉండి, నేరానికి కనీస శిక్ష ఏడేళ్లుంటే, పెద్దవాడిగా విచారించాలా అని ప్రాథమికంగా అంచనా వేస్తుంది. ఫిర్యాదులో కత్తి సంగతి వివరంగా రాయమన్నది ఇందుకు కూడా. అంత కఠినంగా ఉండాలా వద్దా అన్నది బోర్డు తేల్చాలి, దానికి నిజమైన వివరాలు కావాలి. పెంచి రాసినా తుంచి రాసినా ఎవరికో ఒకరికి అన్యాయమే.

ఇంకొకటి, దీన్ని జనం తరచూ మరిచిపోతారు: కుర్రాళ్ల వెనక పెద్దవాడు ఉంటాడు. బండి ఎవరిది? ఫోన్లు కొంటున్న దుకాణం ఏది? గంజాయి, మందు ఎవరిస్తున్నారు? పిల్లలను నేరానికి వాడుకున్నవాడికి న్యాయ సంహిత సెక్షన్ 95 కింద మూడు నుంచి పదేళ్లు. మైనరుకు మత్తు పదార్థం ఇచ్చినవాడికి బాల న్యాయ చట్టం కింద ఏడేళ్లదాకా. బండి ఇచ్చిన యజమానికి మోటారు వాహన చట్టం 199ఏ కింద మూడేళ్లదాకా జైలు, 25,000 జరిమానా, ఏడాదిపాటు రిజిస్ట్రేషన్ రద్దు. పోలీసులకు ఈ మూడు ప్రశ్నలకు జవాబులు చేరవేస్తే, దొరికిన కుర్రాణ్ని తన్నడంకన్నా వీధికి ఎక్కువ మేలు జరుగుతుంది. కొత్త బండికి కాగితాలు లేకపోవడం, చేతిలో రెండుమూడు ఫోన్లు తిరగడం, బడి మానేసి ఎవరో ‘అన్న’ ఖర్చులు పెట్టుకోవడం, ఇవి చూసుకోవాల్సిన గుర్తులు. జుట్టు కత్తిరింపు, చెవిపోగు, ఉంటున్న బస్తీ గుర్తులు కావు. గంజాయి అమ్మకం గురించి పేరు చెప్పకుండానే మాదకద్రవ్యాల హెల్ప్‌లైన్ 1933కు చెప్పవచ్చు. మత్తు మాన్పించడానికి సలహా కోసం 14446.

మీటింగు, గేటు, గస్తీ

మూడు రోజుల్లోపు మీటింగు పెట్టండి, ఆ రోజు రాత్రే పెట్టొద్దు. ఆ రాత్రి ఎవరైనా గట్టిగా అరిస్తే దానికే తీర్మానం అయిపోతుంది. ఇంటి ఓనర్లే కాదు, అద్దెకున్నవాళ్లు, హాస్టలు కుర్రాళ్లు, వాచ్‌మన్లు, పనివాళ్లు, పక్క బస్తీ పెద్దలిద్దరు ఉండాలి. ఎస్‌హెచ్‌ఓనో (ఠాణా అధికారి) సెక్టార్ ఎస్సైనో పిలవండి. నలభై ఐదు నిమిషాలు చాలు: ఏం జరిగిందో పోలీసు నోట వినడం, వెలుగులేని చోట్లు గుర్తించడం, ఎవరికి ఏ పని అన్నది రాయడం. వీధి దీపాల స్తంభాలకు నంబర్లుంటాయి, ఆరినవాటి నంబర్లు మునిసిపల్ కార్పొరేషన్‌కు ఇవ్వండి. ఇంత తక్కువ ఖర్చుతో జరిగే పని మరొకటి లేదు.

గేటు ముచ్చట చాలామందికి ఇష్టం. కాలనీ రోడ్డు చాలాచోట్ల కార్పొరేషన్ రోడ్డే, మీ సొంతం కాదు. అనుమతి లేకుండా తాళం వేస్తే తీయించేస్తారు, ఆలోపు అంబులెన్సో ఫైరింజనో ఆగిపోతే ఆ పాపం మీదే. మనిషి కాపలా ఉన్న బూమ్ బారియర్ (పైకి లేచే అడ్డకర్ర) వేరే సంగతి. దానికీ రాతపూర్వక అనుమతి కావాలి.

అద్దెకు వచ్చినవాళ్ల ఆధార్ కాపీలు గ్రూపులో పెట్టించడం మానండి. మాస్క్ చేసిన ఆధార్‌ను (చివరి నాలుగంకెలే కనిపించేదాన్ని) ఓనరు దగ్గరే ఉంచుకోవాలి. సెక్యూరిటీ ఏజెన్సీ అయితే 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు అడగండి. ఒకే మనిషిని పన్నెండు గంటలు నిలబెడితే తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు మధ్య నిద్రపోతాడు, అది అతని తప్పు కాదు.

కాలనీవాళ్లే గస్తీ తిరిగితే ఇద్దరిద్దరుగా, రెండేసి గంటల వంతులు పెట్టుకోండి: పదకొండు నుంచి ఒంటిగంట, అక్కణ్నుంచి మూడు, మళ్లీ ఐదు. టార్చి, మెరిసే జాకెట్టు, ఛార్జింగ్ ఉన్న ఫోన్. కర్రలు, రాడ్లు వద్దు. ఎవరినీ ఆపి జేబులు చూసే అధికారం మీకు లేదు. ‘ఎవరింటికండీ?’ అని దూరం నుంచే అడగండి. జవాబు నచ్చకపోతే 112. బైకును వెంటాడొద్దు. విజిల్ ఊదుకుంటూ తిరగడం పాత అలవాటు, దాంతో దొంగకు మీరెక్కడున్నారో తెలిసిపోతుంది తప్ప వేరే ప్రయోజనం కనిపించదు. గొలుసు దొంగలు ఉదయపు నడకకు వెళ్లేవాళ్ల కోసం కూడా కాచుకుంటారు కాబట్టి గస్తీ అంతా రాత్రికే పెట్టి, ఐదున్నర నుంచి ఏడు గంటల మధ్య వీధిని ఖాళీగా వదలొద్దు. ఊరెళుతుంటే ఠాణాలో చెప్పి వెళ్లండి. ఆంధ్రప్రదేశ్‌లో తాళం వేసిన ఇళ్లపై నిఘాకు ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్ ఉంది.

పక్క బస్తీ కుర్రాళ్లు

పాతబస్తీలో పోలీసులు ‘ఆపరేషన్ చబుత్ర’ పేరుతో అర్ధరాత్రి అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను తీసుకెళ్లి తల్లిదండ్రుల ఎదుట కౌన్సెలింగ్ ఇచ్చేవారు. ఆ రాత్రికి వీధి ఖాళీ అవుతుంది. మరుసటి నెలకు వాళ్లెక్కడ కూర్చుంటారన్నదే ప్రశ్న.

మొదటి పని లెక్క తీయడం. బడి హెడ్‌మాస్టరు, అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త ముగ్గురూ కలిసి కూర్చుంటే 12 నుంచి 17 ఏళ్లలోపు బడి మానేసినవాళ్లు ఎవరో రెండు గంటల్లో తేలుతుంది. ఈ జాబితా పోలీసులకు ఇవ్వకూడదు. ఇచ్చారని తెలిస్తే ఒక్క ఇల్లూ తలుపు తీయదు. 14 నిండినవాళ్లు తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీలో పదో తరగతికి, 15 నిండినవాళ్లు ఇంటర్‌కు చేరవచ్చు. చేతిపని కావాలనేవాళ్లకు ఐటీఐలు, నగరంలో 1978 నుంచి ఉన్న సెట్విన్ అనే ప్రభుత్వ శిక్షణ సంస్థ కేంద్రాలు ఉన్నాయి. ఫీజు కాదు అడ్డం, కాగితాలు: బదిలీ సర్టిఫికెట్, కులం సర్టిఫికెట్, ఆధార్‌లో తప్పు పుట్టినతేదీ. మీసేవ చుట్టూ తిరగడానికి ఒక్కో ముగ్గురు పిల్లలకు ఒక పెద్దమనిషిని పెట్టండి. పదిహేను రోజులకోసారి వెళ్లి కలవాలి, పరీక్ష రాసేదాకా.

క్రికెట్ కిట్టు కొనిచ్చి ఫొటో దిగే కార్యక్రమం రెండు వారాలు నడుస్తుంది. గ్రౌండుకు లైట్లు వేసి రాత్రి తొమ్మిదిదాకా తెరిచి ఉంచి, తాళంచెవి ఒక నమ్మకమైన పెద్ద కుర్రాడి చేతికిస్తే ఎక్కువకాలం నిలుస్తుంది. కుర్రాళ్లను వేదిక మీద నిలబెట్టి ‘ఇక మంచిగా ఉంటాం’ అనిపించడం ఎప్పుడూ చేయొద్దు. బోర్డు నుంచి తిరిగొచ్చినవాడికి అతన్ని ఏమీ అడగని ఒక మనిషి, పొద్దున్నే వెళ్లాల్సిన ఒక చోటు ఉండాలి. కాలనీలో మెకానిక్ షెడ్డో, కిరాణా డెలివరీయో ఉన్నవాళ్లు 14 నుంచి 18 ఏళ్లవాళ్లకు ప్రమాదకరం కాని పని ఇవ్వవచ్చు. 14 లోపువాళ్లకు బడే. వాళ్లను పనిలో పెట్టుకోవడం నేరం.

ఆన్‌లైన్‌లో ఫ్యాషన్ కత్తులు తెప్పించుకునే సరదా ఇళ్లలో ఉంటే ఆపండి. వంటకు, వృత్తికి పనికొచ్చేవి కాకుండా, బ్లేడు 9 అంగుళాలకన్నా పొడవో 2 అంగుళాలకన్నా వెడల్పో ఉంటే ఆయుధ నిబంధనల కిందికి వస్తుంది.

కేసు కోర్టుకెక్కేదాకా

గుర్తింపు పరేడ్ జరిగేదాకా సాక్షులు నిందితుడి ఫొటో గానీ వీడియో గానీ చూడకూడదు. పోలీసులు ఠాణాలో చూపిస్తామన్నా ‘పరేడ్ ఉందా సార్?’ అని అడగండి. గ్రూపులో ఫొటో వద్దనడానికి మైనర్ చట్టం ఒక కారణమైతే, ఇది రెండోది. గ్రూపు అడ్మిన్ ఆ రోజుకు మెసేజీలు అడ్మిన్లకే పరిమితం చేసి, రోజుకు ఒకే ఒక అధికారిక సమాచారం పెడితే సగం గొడవ తగ్గుతుంది.

దొరికిన గొలుసు కేసు ముగిసేదాకా మాల్‌ఖానాలోనే (స్వాధీనం చేసుకున్న వస్తువులు ఉంచే గది) ఉండనక్కర్లేదు. మేజిస్ట్రేటు ముందు దరఖాస్తు పెట్టి, ఫొటోలు తీయించి, పూచీకత్తు మీద తెచ్చుకోవచ్చు. కానీ కరిగించకండి, కొత్త డిజైను చేయించకండి. విచారణలో అదే గొలుసు చూపించాలి. నష్టపరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు ఇవ్వవచ్చు, అర్హులకు అక్కడ లాయరు సాయమూ ఉచితమే.

కోర్టు నోటీసు ఏడాదికో రెండేళ్లకో వస్తుంది. అప్పటికి అద్దెవాళ్లు ఇల్లు మారతారు, వాచ్‌మన్ ఊరెళ్లిపోతాడు, ఫోన్ నంబర్లు మారతాయి. అందుకే ఒక ఫైలులో ఎఫ్ఐఆర్ నంబరు, దర్యాప్తు అధికారి పేరు, కోర్టు కానిస్టేబుల్ నంబరు, ప్రతి సాక్షి సొంతూరి అడ్రసు, అప్పుడు ఎవరికి వారు రాసి సంతకం చేసిన కాగితాల జిరాక్సులు, పెన్‌డ్రైవ్ రెండో కాపీ ఉంచి కమిటీ కార్యదర్శి మారినప్పుడల్లా చేతులు మార్చండి. సాక్ష్యానికి వెళ్లే ముందురోజు ఆ కాగితాన్ని సాక్షి చేతికి చదువుకోవడానికి ఇవ్వండి. కోర్టుకు తోడుగా ఒకరు వెళ్లండి, బస్సు ఛార్జీ, ఆ రోజు కూలి కమిటీ లెక్కలో వేయండి. కూలికి పోయే మనిషి సాక్ష్యానికి రాకపోవడానికి చాలాసార్లు కారణం భయం కాదు, ఆ ఒక్కరోజు కూలే.